ముక్క తీసిన చోట గింజ

(కార్తీకమాసం చివరి ఆదివారం సాయంత్రం ఊరి గ్రంథాలయంలో ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయిని చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే ఉంచాం.)

అందరికీ నమస్కారమండీ. ఆదివారం పూట ఇంట్లో పనులు పక్కన పెట్టి వచ్చారు, చాలా సంతోషం.

ఇంకో నాలుగు రోజుల్లో పోలిపాడ్యమి. తెల్లవారుజామున అరటి దొప్పల్లో దీపాలు వదులుతాం. ఆ తర్వాత వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికల్లా చికెన్ కొట్టు ముందు జనం నిలబడి ఉంటారు. తప్పు పట్టడానికి చెప్పట్లేదు. నేను పెరిగిన ఇంట్లోనూ అంతే. నెల రోజులు కాలెండర్ చూసుకుంటూ గడిపేవాళ్ళం.

2014లో కేంద్ర ప్రభుత్వం చేసిన ఒక సర్వేలో, తెలంగాణలోను ఆంధ్రాలోను పదిహేనేళ్ళు దాటినవాళ్ళలో నూటికి 98 మంది మాంసం తినేవాళ్ళేనని తేలింది. అలాంటి మనం కార్తీకంలో నెల పాటు నీచు ముట్టం. అయ్యప్ప మాల వేసినవాళ్ళు 41 రోజులు ముట్టరు. మా వీధిలో క్రైస్తవ కుటుంబాలు కొన్ని ఈస్టర్‌కి ముందు వచ్చే శ్రమదినాల్లో 40 రోజులు మానేస్తాయి. శనివారాలు సరే సరి. కాబట్టి మానడం చేతకాని జాతి కాదు మనది. మరి ఆ నెలంతా నోరు చచ్చిపోయినట్టు, ఒంట్లో సత్తువ పోయినట్టు ఎందుకుంటుంది? నాకు అర్థమైన కారణం ఒక్కటే. మనం ముక్క తీసేస్తాం, ఆ చోట ఏమీ పెట్టం. ఈ ఒక్క మాట చెప్పడానికే ఇవాళ మీ ముందుకొచ్చాను.

మా ఇంటి సంగతి చెబుతాను. తొమ్మిదేళ్ళ కిందట మా వారికి గుండెలో స్టెంట్ వేశారు. మాంసం బాగా తగ్గించండి, నూనె తగ్గించండి, రోజూ నడవండి అన్నారు డాక్టరుగారు. ఆయన మొండి మనిషి. తగ్గించడం నా వల్ల కాదు, మానేస్తే పూర్తిగా మానేస్తానన్నారు. నేనూ సరేనన్నాను, ఆయనొక్కరికీ వేరే వండటం నాకు ఇష్టం లేక ఇల్లంతా మానేశాం. ఇక మొదటి మూడు నెలలూ నేను వండినవి వినండి. బంగాళాదుంప వేపుడు. చామదుంప వేపుడు. టమాటా చారు. వారానికి రెండుసార్లు సాంబారు. మాగాయ, ఆవకాయ, అప్పడాలు, వడియాలు. సాయంత్రం అయిదయ్యేసరికి ఆకలని ఆయన వంటింట్లోకి వస్తే మిరపకాయ బజ్జీలు, లేకపోతే జంతికలు. మూడు నెలలకి ఆయన బరువు నాలుగు కిలోలు పెరిగింది. షుగరు లేని మనిషికి హద్దు మీదకొచ్చింది. ఒకరోజు రాత్రి కంచం ముందు కూర్చుని, ‘కడుపు నిండుతోందే, కానీ ఆకలి తీరట్లేదు’ అన్నారు.

ఆ మాట నన్ను కుదిపేసింది. ముప్పయ్యేళ్ళు పిల్లలకి మాంసకృత్తులు, పిండిపదార్థాలు అని బోర్డు మీద రాసి చెప్పినదాన్ని. నా వంటింట్లో నేనే ఆ పాఠం మర్చిపోయాను.

మర్నాడు తక్కెడ ముందేసుకున్నాను. పప్పుకి రోజూ పోసే చిన్న గ్లాసు తూచితే 100 గ్రాములు వచ్చింది. కందిపప్పులో నూటికి 22 పాళ్ళు మాంసకృత్తులు. అంటే 22 గ్రాములు, తినేది నలుగురం. మనిషికి అయిదున్నర గ్రాములు పడింది. ‘మా ఇంట్లో రోజూ పప్పు ఉంటుందండీ’ అని మనందరం అంటాం. ఆ ఉండే పప్పు ఇంత.

హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధనగా మొదలై 1958లో మన దగ్గరికి వచ్చింది. 2020లో వాళ్ళిచ్చిన లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అరవై కిలోల మనిషికి 50 గ్రాములనుకోండి. వాళ్ళే ఒక రోజు కంచం ఎలా ఉండాలో కూడా చూపించారు. బియ్యం, గోధుమ, జొన్న, రాగి, అన్నీ కలిపి 250 గ్రాములు. పప్పులు, గింజలు 85 గ్రాములు. ఇవి వండకముందు తూకాలు. ధాన్యం మూడు పాళ్ళు, పప్పు ఒక పాలు. ఆ ధాన్యంలోంచి దాదాపు 20 గ్రాములు వస్తాయి, పప్పులోంచి ఇంకో 20. గుప్పెడు పల్లీలో నువ్వులో తింటే ఏడెనిమిది. లెక్క సరిపోయింది. పాలు కూడా వాళ్ళ కంచంలో ఉన్నాయి, వాటి సంగతి తర్వాత చెబుతాను.

మన కంచంలో అయితే ఈ మూడుకి ఒకటి అనేది పదికి ఒకటి అయిపోయింది. అన్నం గుట్ట, దాని మీద పప్పు మరక. దాన్ని తిరగెయ్యాలి. పప్పుని అన్నంలోకి కలుపుకునే వస్తువుగా చూడటం మానేసి, గిన్నెడు పప్పు తినడానికి తోడుగా అన్నం పెట్టుకోవాలి. నేను చేసిన మొదటి మార్పు ఇదే. గ్లాసుడు పప్పు పోసేదాన్ని రెండు గ్లాసులు పోశాను, పొద్దున టిఫిన్‌లో మరో గింజ పెట్టాను. మాంసకృత్తుల్ని కట్టే ఇటుకలు అమైనో ఆమ్లాలు. బియ్యంలో లైసిన్ అనే ఇటుక తక్కువ, పప్పులో మిథియోనిన్ అనేది తక్కువ. రెండూ ఒక రోజులో కడుపులో పడితే ఒకదాని లోటు ఒకటి పూడుస్తాయి. పప్పన్నం, ఇడ్లీ, పొంగలి, పెసరట్టు ఉప్మా. మన పెద్దవాళ్ళకి ఈ పేర్లు తెలియకపోయినా జత కట్టడం తెలుసు.

ఇక వంటలోకి వస్తాను. ఇది చెప్పడానికి నాకు ఎక్కువ ఇష్టం.

మా ఇంట్లో రాత్రి పడుకోబోయే ముందు ఒక గిన్నెలో ఏదో ఒక గింజ నానాలి. తలుపు గడియ వేయడం ఎలాగో ఇదీ అలాగే. పెసలు నానితే పొద్దున్నే పెసరట్టు, పులియబెట్టే పని లేదు. శనగలు నానితే తాలింపు శనగలు. బొబ్బర్లు నానితే వడలు వద్దు, వంకాయతో కూర. అలసందలన్నా బొబ్బర్లన్నా ఒకటేనండోయ్, పొద్దున ఒకావిడ అడిగారు. ఉలవలు మటుకు సాయంత్రమే నానబెట్టాలి, పది పన్నెండు గంటలు తాగితేగానీ అవి మెత్తబడవు. ఉలవచారు అంటే ఇప్పుడు పెళ్ళిళ్ళలో మీగడతో పోస్తున్నారు గానీ, అది పశువుల కోసం ఉలవలు ఉడికించినప్పుడు మిగిలిన కట్టుతో కాచిన చారు. ఎద్దుకి గింజ, మనిషికి కట్టు. నేను రెండూ మనిషికే పెడుతున్నాను. కట్టు వార్చి చింతపండు రసం, ఉల్లిపాయ, కరివేపాకు వేసి సన్నసెగ మీద చిక్కబడేదాకా కాస్తాను. గింజని పల్లీ, ఎండుమిర్చి, వెల్లుల్లి వేసి తాలింపు పెడతాను.

మా తోటికోడలిది చిత్తూరు. సంక్రాంతి ముందు అనపకాయలు వచ్చే కాలంలో వాళ్ళింటికి వెళితే చూడాలి. రాత్రి నానబెట్టిన గింజని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని నొక్కితే తోలు వేళ్ళ మధ్య ఉండిపోయి లోపలి పప్పు చిటుక్కున గిన్నెలోకి దూకుతుంది. అందుకే దాని పేరు పితికిపప్పు. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని ఒలుస్తారు. కొబ్బరి, గసగసాలు, ధనియాల మసాలాతో చిక్కటి పులుసు పెట్టి, రాగి సంకటి ముద్దలో గుంట చేసి పోస్తారు. మొదటిసారి తిన్నప్పుడు మా వారు ఇంకేమీ అడగలేదు, మళ్ళీ పెట్టమన్నారు.

మీల్ మేకర్ గురించి చాలామంది అడిగారు. ‘రబ్బరులా ఉంటుంది, వాసనొస్తుంది’ అంటారు. వండటం తెలియక వచ్చే చెడ్డపేరు అది. మంచినీళ్ళు మరిగించి ఉప్పు వేసి, మీల్ మేకర్ పోసి, మూత పెట్టి పది నిమిషాలు వదిలేయండి. ఉబ్బుతాయి. ఆ నీళ్ళు పసుపుపచ్చగా నురగ కట్టి ఉంటాయి, పచ్చివాసన వచ్చేది అందులోంచే. వార్చేసి చన్నీళ్ళు పోయండి. గుప్పెట్లోకి నాలుగేసి తీసుకుని అరచేతుల మధ్య గట్టిగా నొక్కి పిండండి. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ పిండటం. మూడోసారికి నీళ్ళు తేటగా దిగుతాయి, వాసన చూడండి, ఏమీ ఉండదు. అప్పుడు అల్లంవెల్లుల్లి ముద్ద, పసుపు, కారం, ఉప్పు, నిమ్మరసం పట్టించి అరగంట ఉంచాలి. పిండేసిన ముక్క ఖాళీగా ఉంది కదా, మసాలా అంతా లోపలికి తాగేస్తుంది. పిండకుండా వేస్తే లోపల నీళ్ళే ఉంటాయి, మసాలా పైన పూతలాగా మిగులుతుంది. తర్వాత మీరు కోడికూర ఎలా చేస్తారో అలాగే చేసుకోండి, లేకపోతే గోంగూరలో వేయండి. నూనె తీసేసిన సోయా పిండితో చేసేది కాబట్టి అందులో సగానికి సగం మాంసకృత్తులే. 30 గ్రాములు, అంటే చిన్న గుప్పెడు, ఒక మనిషికి 15 గ్రాములిస్తుంది. రోజూ అదే తినమనను. వారానికి రెండు రోజులు చాలు.

ఇంకొక్క చిట్కా. గోంగూర పప్పు, మామిడికాయ పప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకు పలుకుగా ఉందంటారు. పులుపు తగిలితే గింజ గోడ మెత్తబడదు. ముందు పప్పు ఒక్కటే ఉడకనిచ్చి, మెత్తబడ్డాక ఉడికించిన గోంగూర కలపండి. చింతపండు కూడా తర్వాతే.

(సభలోంచి ఒక పెద్దాయన: అమ్మా, ఇన్ని గింజలు తింటే గ్యాసు పట్టేస్తుందండీ. పడుకోలేం.)

నిజమే బాబాయిగారూ. గింజల్లో కొన్ని రకాల చక్కెరలుంటాయి, మన చిన్నపేగు వాటిని అరిగించలేదు. అవి పెద్దపేగులోకి వెళితే అక్కడి సూక్ష్మజీవులు పులియబెడతాయి, ఆ గ్యాసే ఇది. నానబెట్టిన నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళతో ఉడికించండి, కొంత భాగం పోతుంది. మొలక కట్టిస్తే ఇంకా తగ్గుతుంది. ఒక్కసారిగా శనగల మీద పడకుండా పెసరపప్పుతో మొదలుపెట్టండి. రెండు గరిటెలతో మొదలెట్టి వారం వారం కొంచెం పెంచండి, కొన్ని వారాలకి పేగు అలవాటు పడుతుంది. ఇంగువ, వాము, అల్లం ఎలాగూ మన చేతిలో ఉన్నవే. కిడ్నీ జబ్బున్నవాళ్ళు మాత్రం నా మాట విని పప్పు పెంచొద్దు, మీ డాక్టరుని అడిగి వాళ్ళు చెప్పిన కొలత ప్రకారమే తినండి.

ఆడవాళ్ళతో ఒక మాట. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఆంధ్రాలో నూటికి 58.8 మందికి, తెలంగాణలో 57.6 మందికి ఉందని తేలింది. నూటికి 98 మంది మాంసం తినే రాష్ట్రాలు ఇవి. ‘మాంసం మానేస్తే రక్తం పడదు కదా’ అని నన్ను అడిగేవాళ్ళకి ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూపిస్తాను. రక్తహీనతకి కారణాలు చాలా ఉన్నాయి, నేను కాదనను. కానీ నేను నా కళ్ళతో చూసింది ఒకటుంది. మా అమ్మ మాంసం వండిన ప్రతి ఆదివారం నాన్నకి, అన్నయ్యలకి ముక్కలు వడ్డించి, చివరికి గిన్నెకి అంటిన పులుసులో అన్నం కలుపుకుని తినేది. ఇప్పుడు పప్పు వండినా అదే జరుగుతోంది. అందరూ తిన్నాక గిన్నె గీకితే ఏముంటుంది? అందుకని మా ఇంట్లో వండగానే నా గిన్నె నేను తీసి పక్కన పెట్టుకుంటాను. మా అత్తగారు మొదట్లో ముఖం చిట్లించారు. ఆరు నెలలు పోయాక ఆవిడ గిన్నె కూడా నేనే తీసి పెడుతున్నాను.

ఆకుకూరలో, గింజలో ఉన్న ఇనుము ఒంటికి అంత తేలిగ్గా పట్టదు. దానికి పులుపు తోడు కావాలి. నిమ్మకాయ, ఉసిరి, జామకాయ, ఏదైనా సరే, అందులోని సి విటమిన్ ఆ ఇనుముని లోపలికి తీసుకెళుతుంది. ఉడికిస్తే సి విటమిన్ పోతుంది, కాబట్టి నిమ్మరసం దించాకే పిండండి. టీ, కాఫీ భోజనం మీద తాగితే ఉన్న ఇనుము కూడా పట్టదు. గంటన్నా ఆగండి.

ఇప్పుడు మీరు రాసుకోవాల్సిన విషయం. మిగతావన్నీ మర్చిపోయినా ఇది మర్చిపోవద్దు. బి12 విటమిన్ మొక్కల్లో దొరకదు. పప్పులో లేదు, ఆకుకూరలో లేదు, పుట్టగొడుగుని నమ్ముకోలేం. చద్దన్నంలో ఉంటుందని ఫోన్లలో తిరుగుతోంది. చద్దన్నం మంచిదే, నేనూ తింటాను, కానీ బి12 కోసం దాని మీద ఆధారపడొద్దు.

ఇది నా ఒంటి మీదకి తెచ్చుకుని నేర్చుకున్నాను. మాంసం మానేసిన రెండేళ్ళకి పాలు, పెరుగు కూడా మానేశాను. పప్పులు సరిగ్గా తింటున్నాను, అంతా బాగుందనుకున్నాను. ఇంకో మూడేళ్ళకి అరికాళ్ళలో తిమ్మిరి మొదలైంది. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. వయసు కదా అని సరిపెట్టుకున్నాను. రక్తం చూపిస్తే హిమోగ్లోబిన్ బాగానే ఉంది. తర్వాత బి12 విడిగా పరీక్ష చేయిస్తే బాగా తక్కువగా ఉంది. ఆకుకూరల్లో ఫోలిక్ ఆమ్లం ఎక్కువ కదా, అది రక్తాన్ని బాగున్నట్టే చూపిస్తుంది, లోపల నరం మాత్రం దెబ్బ తింటూ ఉంటుంది. కాలేయంలో బి12 నిల్వ ఏళ్ళ తరబడి సరిపోతుంది కాబట్టి మానేసిన వెంటనే ఏమీ తెలియదు. ఇంజెక్షన్లు చేయించుకుని, తర్వాత మాత్రల్లోకి మారాను. తిమ్మిరి చాలావరకు పోయింది, కుడి కాలి రెండు వేళ్ళకి ఇప్పటికీ స్పర్శ తక్కువే. కావాల్సింది రోజుకి రెండు మైక్రోగ్రాముల పైచిలుకు. ఆ కాస్త లేకపోతే ఇంత. పాలు కూడా మానేసేవాళ్ళు మొదటి రోజు నుంచే డాక్టరుని అడిగి మాత్ర వాడండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు అసలు ఆలస్యం చేయొద్దు, అది బిడ్డ నరాల సంగతి.

పాలు ఎందుకు మానేశావమ్మా అని అడుగుతారు. మా పుట్టింట్లో గేదెలుండేవి. అరకలు పోయి ట్రాక్టర్లు వచ్చాక దున్నపోతు దూడ పుడితే ఎవరికీ అక్కర లేకుండా పోయింది. తల్లి పొదుగు దగ్గర దాన్ని రెండు గుటకలు తాగనిచ్చి లాగి కట్టేసేవాళ్ళం. కొన్నాళ్ళకి అది కొట్టంలో ఉండేది కాదు. ఎక్కడికి పోయిందని చిన్నప్పుడు అడిగితే ఎవరూ చెప్పలేదు. పెద్దయ్యాక అడగకుండానే తెలిసింది. ఆ కట్టుగొయ్య నా కళ్ళ ముందునుంచి పోదు. ఇది నా మనసుకి సంబంధించిన నిర్ణయం. మా వారు ఇప్పటికీ మజ్జిగ తాగుతారు, నేను వద్దనలేదు.

పెరుగు లేకుండా భోజనం ముగించడం మాత్రం నాకు మాంసం కంటే కష్టమైంది. పల్లీ పెరుగు నేర్చుకున్నాను. గ్లాసుడు పల్లీలు రాత్రి నానబెట్టి, పొట్టు రుద్ది తీసేసి, నాలుగు గ్లాసుల నీళ్ళతో మెత్తగా రుబ్బి గుడ్డలో వడకట్టాలి. సన్నసెగ మీద తిప్పుతూనే కాచాలి, వదిలితే అడుగంటుతుంది. గోరువెచ్చగా అయ్యాక ఆరేడు పచ్చిమిరప తొడిమలు వేసి మూత పెడితే మర్నాటికి తోడుకుంటుంది. రెండోసారి నుంచి ఆ పెరుగే తోడు. గేదె పెరుగంత గట్టిగా ఉండదు, పల్లీ వాసన కొంచెం ఉంటుంది. అల్లం, కరివేపాకు, ఉప్పు వేసి మజ్జిగ చేస్తే బాగుంటుంది. వడకట్టిన పిప్పి పారేయకండి, పచ్చిమిర్చి, చింతపండు వేసి నూరితే పచ్చడి. ఎముకలకి కాల్షియం ఎక్కడిదంటారా, రాగుల్లో ఉంది, నువ్వుల్లో ఇంకా ఎక్కువ ఉంది. నువ్వులపొడి రోజూ మొదటి ముద్దలోకి రెండు చెంచాలు వేసుకోండి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. మన దేశంలో తిండి పేరు చెప్పి మనుషుల్ని తక్కువ చేసిన చరిత్ర ఉంది. ఫలానావాళ్ళు తింటారు కాబట్టి ఇల్లు అద్దెకివ్వమనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ముక్క మానేయగానే నేను శుద్ధమైపోయాననుకునే మనిషి పక్కన కూర్చోవడం నాకిష్టం లేదు. మా ఇంటికి పనికొచ్చే అమ్మాయి ఎండు చేపల పులుసు తెచ్చుకుంటే నా పక్కనే కూర్చుని తింటుంది. నేను మానేసింది నా కంచంలోంచి, ఆమె కంచంలోకి చూసే హక్కు నాకు లేదు.

(ఒక యువకుడు: మేడం, మేం హైదరాబాద్‌లో రూముల్లో ఉంటాం. ఇంత నానబెట్టడం, రుబ్బడం కుదరదు. ఒక్క కుక్కరుంది.)

మా అబ్బాయిదీ అదే పరిస్థితి నాన్నా. వాడికి పులగం నేర్పాను. రెండు పాళ్ళు బియ్యం, ఒక పాలు పెసరపప్పు. కడిగి, ఒకటికి మూడు నీళ్ళు పోసి, మిరియాలు, జీలకర్ర, పసుపు, ఒక కట్ట పాలకూర తరిగి వేసి మూడు విజిల్స్ రానివ్వు. నానబెట్టే పని లేదు. పప్పు ఇంకొంచెం ఎక్కువ వేసినా నష్టం లేదు. పక్కన పల్లీ పచ్చడి కావాలి, రాయలసీమలో పులగానికి జత అదే. మిక్సీ లేకపోతే వేయించిన పల్లీల పొడి ఇంటినుంచి తెచ్చుకో, నెల నిల్వుంటుంది. ఇరవై నిమిషాల్లో రెండు పూటలకి సరిపోతుంది. ఆదివారం స్నేహితులంతా బిర్యానీ అంటే మీల్ మేకర్ నానబెట్టు, పిండటం మాత్రం మర్చిపోకు.

సరేనండీ, టైమైంది. వెనక బల్ల మీద పెద్ద గిన్నెలో ఉలవ గుగ్గిళ్ళున్నాయి. మా వియ్యపురాలిది వరంగల్, వీటిని గుడాలు అంటుంది, ఉల్లిపాయ, పచ్చిమిర్చి ఎక్కువ వేసి ఆవిడే తాలింపు పెట్టింది. ఇంకా వేడిగానే ఉంటాయి. పక్కన నిమ్మచెక్కలు పెట్టాను, ముందు పిండుకుని అప్పుడు తినండి. టీ కూడా తెప్పించారు గ్రంథాలయం వాళ్ళు, అది ఇంకో గంట ఆగాక పోస్తారు. ఆడవాళ్ళు ముందు రండి.